ఉనైజాలో చట్టపు అనువాదం: అమ్మేదెవరు, కొనేదెవరు?

సౌదీ అరేబియాలో కాగితం అరబ్బీలో ఉంటేనే చెల్లుతుంది. 1992 నాటి మౌలిక పాలనా శాసనం మొదటి అధికరణంలోనే దేశభాష అరబ్బీ అని రాసుకున్నారు. 2005లో వచ్చిన కార్మిక చట్టం తొమ్మిదో అధికరణం ప్రకారం ఉద్యోగ ఒప్పందాలు, రికార్డులు అన్నీ అరబ్బీలో ఉండాలి. పక్కన ఇంకో భాష ఉన్నా, రెంటికీ తేడా వస్తే అరబ్బీ పాఠమే నిలుస్తుంది. కోర్టు నడిచేదీ అరబ్బీలోనే. ఈ నియమాల మీద ఒక వ్యాపారం బతుకుతోంది. అదే చట్టపు కాగితాల అనువాదం. రియాద్, జిద్దా నగరాల్లో దానికి పేరున్న సంస్థలు, వెబ్‌సైట్లు, కాల్ సెంటర్లు ఉన్నాయి. ఖసీమ్ ప్రాంతంలోని ఉనైజా లాంటి ఊరికి వచ్చేసరికి ఆ వ్యాపారమంతా ఒక చిన్న ఆఫీసు, ఒక ముద్ర, ఊరు తిరిగి ఆర్డర్లు తెచ్చే ఒక మనిషి.

ఆ మనిషి ఎవరి తలుపు తడతాడు, ఎవరి తలుపు తట్టడు? అతను తట్టనిది మన తెలుగు కార్మికుల తలుపు. సౌదీలో మన కార్మికుల కష్టాల గురించి మన పత్రికల్లో వచ్చే కథనాలు ఏజెంటు మోసం, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దౌర్జన్యం, ఎంబసీ ఆలస్యం చుట్టూ తిరుగుతాయి. వాటన్నిటి వెనకా చాలాసార్లు చదవకుండా సంతకం పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. అనువాదం అంతగా అమ్ముడుపోయే దేశంలో ఆ కాగితం మాత్రం ఎందుకు చదవబడకుండా మిగిలిపోతోందన్నది ఈ సమీక్షలో చూడదలచిన విషయం.

ఊరు, దాని కాగితాలు

ఉనైజా బురైదాకు దక్షిణంగా, వాదీ అర్రుమ్మా పక్కన ఉంటుంది. రియాద్ నుంచి సుమారు 350 కిలోమీటర్లు. ఖర్జూరానికి పేరు. ఎండలు ముదిరిన ఆగస్టులో పంట అంగడికి వస్తే ఊరి లెక్కలన్నీ దాని చుట్టూనే. 1878లో ఇంగ్లిష్ యాత్రికుడు చార్లెస్ డౌటీ ఇక్కడికి వచ్చినప్పుడు అతన్ని ఆదరించినవారిలో బస్సామ్ కుటుంబపు వర్తకులున్నారు. బస్రా, బొంబాయిల దాకా లావాదేవీలున్న కుటుంబాల ఊరు ఇది. లెబనాన్ రచయిత అమీన్ రిహానీ దీన్ని నజ్ద్ పారిస్ అన్నాడు. సొరయా అల్తోర్కీ, డొనాల్డ్ కోల్ ఈ ఊరి మార్పు మీద 1989లో ఒక పుస్తకమే వేశారు. చమురు డబ్బు వచ్చాక తోటల్లో, దుకాణాల్లో, కట్టడాల్లో పని స్థానికుల చేతుల నుంచి పరదేశపు కూలీల చేతుల్లోకి ఎలా వెళ్లిందో అందులో ఉంటుంది.

ఆ మార్పుతోటే కాగితం అవసరం పెరిగింది. ఊరివాడు ఊరివాడిని పనిలో పెట్టుకుంటే మాట చాలు. కామారెడ్డి నుంచో రాయచోటి నుంచో మనిషిని పిలిపించుకోవాలంటే వీసా, ఒప్పందం, ఇఖామా (నివాస అనుమతి), వైద్య పరీక్ష, వర్క్ పర్మిట్ కావాలి. తిరిగి వెళ్లేటప్పుడు ఖురూజ్ (దేశం విడిచే అనుమతి) కావాలి. ఒక్కో మెట్టు దగ్గరా ఒక కాగితం, ఆ కాగితం అరబ్బీలో.

ఆఫీసు దేన్ని అమ్ముతుంది

అనువాద ఆఫీసు దగ్గరికి వచ్చే పని చాలావరకు అరబ్బీలోకి వెళ్లేదే. విదేశీ డ్రైవింగ్ లైసెన్సును సౌదీ లైసెన్సుగా మార్చుకోవాలంటే దాని అరబ్బీ అనువాదం గుర్తింపున్న ఆఫీసు ముద్రతో చూపాలి. భార్యాపిల్లల్ని తెచ్చుకునే ఇంజనీరుకు పెళ్లి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు. నర్సుకు, టెక్నీషియనుకు డిగ్రీలు. కంపెనీలకైతే టెండరు పత్రాలు, విదేశీ సరఫరాదారుతో ఒప్పందాలు, ముఖ్తార్‌నామాలు (పవర్ ఆఫ్ అటార్నీలు). అరబ్బీ నుంచి బయటికి వచ్చేవి కొన్నే: వాణిజ్య రిజిస్ట్రేషన్, కంపెనీ స్థాపన పత్రం, కోర్టు తీర్పు. వాటిని బయటి బ్యాంకుకో భాగస్వామికో చూపాలి కాబట్టి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు.

ధర పేజీకి ఇంత. పేజీ అంటే సుమారు 250 పదాలని ఈ వృత్తిలో లెక్క. ఏ ఆఫీసైనా నిజంగా అమ్మేది మాత్రం అంగీకారం. ట్రాఫిక్ విభాగమో, కోర్టో, రాయబార కార్యాలయమో ఆ కాగితాన్ని తిప్పి పంపకపోతే చాలు. కొనేవాడు అనువాదం మంచిదో చెడ్డదో చదివి తేల్చుకోలేడు, అసలు ఆ భాష రాకనే కదా వచ్చింది. అందుకే అతను అడిగేవి మూడే: ఎంత, ఎప్పటికిస్తారు, ముద్ర ఉందా?

సేల్స్ మనిషి పనిని నిర్ణయించేవి ఈ మూడు ప్రశ్నలే. ఒక లైసెన్సు, రెండు సర్టిఫికెట్లు తెచ్చే మనిషిని వెతుక్కుంటూ అతను తిరగడు, వాళ్లు తామే వస్తారు. అతని టార్గెట్ నెలనెలా పని ఇచ్చే ఖాతాలు: ఆసుపత్రి హెచ్‌ఆర్, కాంట్రాక్టరు ఆఫీసు, న్యాయవాది, కాలేజీ, యంత్రాల డీలరు. కొటేషన్ ఇవ్వాలి, వారం వారం ఫాలోఅప్ చేయాలి, బిల్లు వసూలుకు మళ్లీ తిరగాలి. పోటీ ఆఫీసు రేపటికిస్తానంటే ఇతను ఈ సాయంత్రానికే ఇస్తానంటాడు. ఆ మాట నిలబెట్టే భారం అనువాదకుడి మీద పడుతుంది. వేగం మీద అమ్మిన చోట నాణ్యత మీద ఖర్చు పెట్టడానికి కారణం ఉండదు. అనువాదంలోని తప్పు బయటపడేది తగాదా వచ్చినప్పుడే, అదీ ఏళ్ల తరవాత, వేరే వాళ్ల బల్ల మీద.

తెలుగు అనువాదకుడు ఎందుకు లేడు

అనువాదకుడు, సెక్రటరీ, స్టోర్‌కీపర్, డేటా ఎంట్రీ ఉద్యోగాలను సౌదీ మానవ వనరుల శాఖ 2022 మే నుంచి పౌరులకే కేటాయించింది. అంతకుముందు 2017లో షాపింగ్ మాల్స్ కొలువులు స్థానికులకే ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మొదట అమలుకు ఎంచుకున్నదీ ఖసీమ్ ప్రాంతమే. తమ పిల్లలకు ఉద్యోగాలు దొరకాలన్న ఆ దేశపు కోరిక అర్థం చేసుకోదగ్గదే. ఫలితం మాత్రం మన విషయంలో విచిత్రంగా తేలింది. తెలుగు వచ్చిన వలస ఉద్యోగి చట్టప్రకారం అక్కడ అనువాదకుడిగా చేరలేడు. చేరగల సౌదీ పౌరుల్లో తెలుగు వచ్చినవాళ్లు వెతికినా దొరకరు. ఇఖామాలో ఒక వృత్తి రాసి ఉండగా ఇంకో పని చేయడం నేరం కాబట్టి, రెండు భాషలూ వచ్చిన మనవాడు పక్కవాడికి సాయం చేస్తే ఊరకే చేయాలి, లేదా చాటుగా చేయాలి.

కాబట్టి తెలుగు కాగితం అరబ్బీకి నేరుగా వెళ్లదు. తెలుగులో రాసిన ఎఫ్‌ఐఆర్ గానీ, పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న ఒప్పంద పత్రం గానీ ముందు మన దేశంలోనే ఇంగ్లిష్‌లోకి మారాలి. నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన అరబ్బీ. ఈ దారిలో కొంత మేలు ఈమధ్యే జరిగింది. ఒక దేశపు ధ్రువీకరణను మరో దేశం ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో భారతదేశం 2005లో చేరింది. సౌదీలో అది 2022 డిసెంబర్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. ఢిల్లీలోని సౌదీ రాయబార కార్యాలయం ముద్ర కోసం కాగితం ఊళ్లు తిరగాల్సిన అవసరం దీనితో తగ్గింది. అపోస్టిల్‌ను హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ బ్రాంచి సెక్రటేరియట్ ద్వారా కూడా పొందవచ్చు. అయితే అపోస్టిల్ ధ్రువీకరించేది సంతకాన్ని, ముద్రను మాత్రమే. లోపల రాసినదాన్ని అనువదించుకునే ఖర్చు అలాగే ఉంది. పాత అలవాటు మీద అపోస్టిల్‌కూ, రాయబార కార్యాలయం ముద్రకూ డబ్బు తీసుకునే మధ్యవర్తి ఎదురైతే, ఆ డిసెంబర్ తేదీ తెలిసిన కుటుంబం ఒక ఖర్చైనా తప్పించుకుంటుంది.

పేర్ల సంగతి వేరే చిక్కు. మనకు ఇంటిపేరు ముందు, అరబ్బులకు సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు వరసగా వచ్చి కుటుంబం పేరు చివర. అరబ్బీలో ‘ప’ లేదు కాబట్టి పోచయ్య బోచయ్య అవుతాడు. గంగారాంలోని ‘గ’ను ఒక గుమాస్తా ఒక అక్షరంతో, ఇంకొకడు మరో అక్షరంతో రాస్తాడు. పాస్‌పోర్టు, ఇఖామా, బ్యాంకు ఖాతా, ఆసుపత్రి చీటీలలో ఒకే మనిషి నాలుగు పేర్లతో ఉంటాడు. బతికున్నంతకాలం ఇఖామా నంబరు ఆదుకుంటుంది. చనిపోయినప్పుడు, బకాయిలు వారసులకు రావాల్సినప్పుడు, మన ఊళ్లోని కుటుంబ సభ్యుల సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, ఆ దేశపు మరణ ధ్రువపత్రంలో ఉన్న పేరు ఒక్కరివేనని రుజువు చేసే పని కుటుంబం నెత్తిన పడుతుంది.

చదవని సంతకం ఖరీదు

కార్మికుడికి అసలు కావలసింది వ్యతిరేక దిశలో అనువాదం. అరబ్బీ నుంచి తెలుగుకి, అదీ సంతకానికి ముందు. అది లేకపోతే ఎంత పోతుందో లెక్క కట్టి చూడొచ్చు. కార్మిక చట్టం 84వ అధికరణం ప్రకారం సర్వీసు ముగిసినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం ఇవ్వాలి. 85వ అధికరణం ప్రకారం కార్మికుడు తానే రాజీనామా చేస్తే, సర్వీసు రెండు నుంచి ఐదేళ్లలోపు ఉంటే అందులో మూడో వంతే వస్తుంది. ఐదు దాటి పదేళ్లలోపు ఉంటే మూడింట రెండు వంతులు. నెలకు 1,200 రియాళ్ల జీతంతో నాలుగేళ్లు చేసినవాడికి 2,400 రియాళ్లు రావాలి. కంపెనీ మందూబ్ (కాగితాల పని చూసే ప్రతినిధి) ముందుపెట్టిన కాగితం రాజీనామా అయితే, దాని మీద వేలిముద్ర వేసినవాడికి 800 వస్తాయి. తొమ్మిదేళ్లు చేసినవాడికి 7,800 బదులు 5,200. ఒకే ఒక్క అరబ్బీ పేజీ తెలియకపోవడం వల్ల మొదటివాడికి నెల జీతానికి మించి, రెండోవాడికి రెండు నెలల జీతానికి మించి నష్టం.

చట్టంలో రక్షణ లేకపోలేదు. ఒప్పందం నడుస్తుండగా కార్మికుడి హక్కును వదులుకున్నట్టు రాయించుకునే పత్రం, అతనికి మేలు చేసేదైతే తప్ప, చెల్లదని ఎనిమిదో అధికరణం అంటుంది. 2025 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు, యజమాని ఇంకా ఆమోదించకపోతే రాజీనామాను ఏడు రోజుల్లోపు వెనక్కి తీసుకునే వీలిచ్చాయి. ఇఖామా, వర్క్ పర్మిట్ ఖర్చులు యజమానే భరించాలని 40వ అధికరణం చెబుతుంది. సర్వీసు ముగిశాక 12 నెలల్లోపు దావా వేయకపోతే అది విచారణకు రాదని 234వ అధికరణం హెచ్చరిస్తుంది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే చట్టంలోని గడువులు హిజ్రీ లెక్కనే అంటుంది పదో అధికరణం. హిజ్రీ ఏడాది మన ఏడాది కన్నా 11 రోజులు తక్కువ. అధికారిక గడువులను ఇంగ్లిష్ క్యాలెండర్ ప్రకారం లెక్కించాలని 2023 నవంబర్‌లో మంత్రివర్గం నిర్ణయించింది కాబట్టి, పాత కాగితం ఒక లెక్కన, కొత్త కాగితం ఇంకో లెక్కన ఉండొచ్చు. ఈ రక్షణలన్నీ తెలిసినవాడికే అక్కరకొస్తాయి. ఏడు రోజుల్లో వెనక్కి తీసుకోవాలంటే తాను పెట్టింది రాజీనామా అని ఏడు రోజుల్లోపు తెలియాలి కదా.

ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు ఈ చట్టం వర్తించదు. వాళ్లకు వేరే నిబంధనలు, వేరే ఒప్పందాలు, ముసానిద్ అనే వేరే వేదిక. కడప, కోనసీమ ప్రాంతాల నుంచి ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు, ఇంటి డ్రైవరు వీసా మీద వెళ్లే మగవాళ్లు ఆ కోవలోకి వస్తారు. ఏ చట్టం కింద ఉన్నామో తేల్చేది వీసాలోని వృత్తి పేరే. అదీ అరబ్బీలోనే.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

ముద్ర ఉన్న అనువాదం అందనప్పుడు మనవాళ్లు చేసుకున్న ఏర్పాటు నోటిమాట. అరబ్బీ నుంచి హిందీలోకో ఉర్దూలోకో ఒకరు, అక్కడి నుంచి తెలుగులోకి ఇంకొకరు. మొదటివాడు పాకిస్తానీ ఫోర్‌మన్ కావచ్చు, హైదరాబాద్ పాతబస్తీ డ్రైవరన్న కావచ్చు. ఖురాన్ చదువు వల్ల అక్షరాలు, ఏళ్ల తరబడి ఉండటం వల్ల మాటలు వాళ్లకు వచ్చు. చట్టపు అరబ్బీ మాత్రం బజారు అరబ్బీ కాదు. “ఏం లేదు భాయ్, హిసాబ్ కాగితం, సైన్ పెట్టు” అన్న ఒక్క మాటకు రెండు పేజీలు కుదించుకుపోతాయి. ఆ మధ్యవర్తి అదే కంపెనీ మనిషైతే అతని నోటినుంచి పూర్తి నిజం రావాలని ఆశించడం కూడా అన్యాయమే. అతని ఇఖామా కూడా ఆ కఫీల్ చేతుల్లోనే ఉంటుంది.

కోర్టు దాకా వెళ్లినవాడి పరిస్థితి కాస్త మెరుగు. కార్మిక తగాదాలు 2018లో న్యాయశాఖ కిందికి, ప్రత్యేక కార్మిక కోర్టులకు మారాయి. ముందు రాజీ ప్రయత్నం, అది కుదరకపోతే కోర్టు. అరబ్బీ రాని కక్షిదారు మాటను దుబాసీ ద్వారా వినాలని న్యాయవ్యవస్థ చట్టమే చెబుతుంది. దూరం నుంచి దుబాసీలను కలిపే కేంద్రాన్ని కూడా న్యాయశాఖ నడుపుతోంది. కాని అక్కడ అనువదించేది తగాదాను. తగాదాకు కారణమైన కాగితం మీద సంతకం ఎప్పుడో అయిపోయింది.

ఇక ఫోను. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లో వచ్చింది. ఇవాళ కెమెరా చూపిస్తే అరబ్బీ పేజీ తెలుగులో కనిపిస్తుంది. దీన్ని తీసిపారేయడం తప్పు. రాజీనామాకూ సెలవు దరఖాస్తుకూ తేడా చెప్పడానికి అది చాలు, పైన చెప్పిన నాలుగేళ్లవాడికి ఆ తేడా తెలియడమే 1,600 రియాళ్లు. దాన్ని పూర్తిగా నమ్మడం కూడా తప్పే. షరతులు, మినహాయింపులు, ‘కాదు’, ‘తప్ప’ లాంటివి పొడుగు వాక్యాల్లో తారుమారవుతాయి. తారుమారైనా తెలుగు మాత్రం సాఫీగానే కనిపిస్తుంది. ఇంకో చిక్కు గోప్యత. పాస్‌పోర్టు, ఇఖామా ఫొటోలు తెలియని వాట్సాప్ గ్రూపులో పెట్టి “ఇదేంటో చెప్పండన్నా” అని అడగడం మనవాళ్లకు అలవాటు. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సౌదీలో 2023 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉన్నా, అలా చేతులు మారిన ఫొటోను అది వెనక్కి తేలేదు. ఉద్యోగ ఒప్పందాలు కివా అనే సౌదీ ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీదికి వచ్చి, అంగీకారం ఫోనులో నొక్కే స్థితి వచ్చాక, ఆ నొక్కే వేలు ఎవరిదన్న ప్రశ్న కూడా దీనికి తోడైంది.

పక్కవాళ్లు ఏం చేశారు

యుఏఈ 2016లో ఒక నియమం తెచ్చింది. ఉద్యోగ ప్రతిపాదన అరబ్బీ, ఇంగ్లిష్‌లతో పాటు కార్మికుడికి తెలిసిన మూడో భాషలో కూడా ఉండాలి. అందుకు సిద్ధం చేసిన భాషల్లో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ, నేపాలీ, సింహళం ఉన్నాయి. తెలుగు లేదు. యూరోపియన్ యూనియన్ 2010 నాటి ఆదేశం ఇంకో దారి చూపింది. క్రిమినల్ కేసుల్లో నిందితుడికి అన్ని కాగితాలూ అనువదించి ఇవ్వడం కుదరదు కాబట్టి, నిర్బంధ ఉత్తర్వు, అభియోగం, తీర్పు లాంటి ముఖ్యమైనవి మాత్రం ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలంది.

మలయాళీల బలం చట్టంలో లేదు, జనంలో ఉంది. సౌదీ ప్రచురణ సంస్థే 1994లో ఉర్దూ న్యూస్, 1999లో మలయాళం న్యూస్ దినపత్రికలు మొదలుపెట్టింది. కొత్త నియమం వస్తే మర్నాడు సొంత భాషలో చదువుకునే పాఠకులున్నారని ఆ వ్యాపారులు గుర్తించారు. కేరళ ముస్లింల కేఎంసీసీ లాంటి సంఘాలకు ఊరూరా కార్యకర్తలున్నారు, జైలుకూ ఆసుపత్రికీ మార్చురీకీ వెళ్లి కాగితాలు నడిపించే అనుభవం ఉంది. తెలుగు సంఘాల్లో కూడా అలాంటి మంచివాళ్లు ఉన్నారు. కాని మన సంఘాలు ఎక్కువగా నగరాల్లోని ఇంజనీర్లు, ఐటీ ఉద్యోగులు పెట్టుకున్నవి, ఉగాదికీ బతుకమ్మకూ చక్కగా కూడుకుంటాయి. ఉనైజా తోటలోని మనిషికి అవి దూరం. ఖసీమ్ ప్రాంతం రియాద్ ఎంబసీ పరిధిలోకే వస్తుంది. ఒక కాగితం చదివించుకోవడానికి రోజు కూలీ వదులుకుని 350 కిలోమీటర్లు వెళ్లేవాడెవరు?

కొనేవాడు ఎవరు కావాలి

అనువాద వ్యాపారాన్ని తిట్టి లాభం లేదు. సేల్స్ మనిషి డబ్బున్న చోటికి వెళతాడు, అది అతని ఉద్యోగం. కార్మికుడికి అనువాదం అవసరం ఎక్కువే అయినా గిరాకీ మాత్రం సున్నా. సంతకం పెట్టే సమయంలో ఆ కాగితం ప్రమాదకరమని అతనికి తెలియదు, తెలిసినా పేజీకి డబ్బు కట్టలేడు, కట్టినా ఆ ముద్ర ఏ కౌంటరు దగ్గరా అక్కరకు రాదు. అందుకే దీన్ని అతని చేత కొనిపించాలనుకోవడం వృథా. అతని తరఫున కొనేవాడు కావాలి.

ఆ పని హైదరాబాద్‌లోనే మొదలుపెట్టొచ్చు. అరబ్బీ చదివినవాళ్లకు ఇక్కడ కొరత లేదు. ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, ఉస్మానియాల్లో అరబ్బీ విభాగాలున్నాయి. 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ పాత అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి ప్రపంచానికి పంపింది. 1917లో నిజాం ప్రభుత్వం పెట్టిన దారుల్ తర్జుమా చట్టంతో సహా కాలేజీ చదువుల పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చింది. ఒకప్పుడు ప్రభుత్వమే అనువాదాన్ని కొన్న ఊరు ఇది. ఇవాళ రాష్ట్రాలకు విదేశీ ఉద్యోగాల సంస్థలున్నాయి, తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణలో ప్రవాసుల ఫిర్యాదులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయల సాయం కూడా ఆ ప్రభుత్వం ఇస్తోంది. ఆ సాయంలో చిన్న భాగంతో బతికున్నవాడికి కాగితం చదివి చెప్పే ఏర్పాటు నిలబెట్టవచ్చు.

అన్ని కాగితాలూ అక్కర్లేదు. యూరప్ పద్ధతిలో ముఖ్యమైనవి ఎంచుకుంటే ఐదు చాలు: ఉద్యోగ ఒప్పందం, జీతం ముట్టినట్టు రాసే రసీదు, రాజీనామా, తుది లెక్క, వృత్తి లేదా యజమాని మార్పు అంగీకారం. వీటి నమూనాలు ఎక్కడైనా దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. అరబ్బీ, తెలుగు ఎదురెదురుగా ఉన్న ఐదు పేజీల పుస్తకం విమానం ఎక్కకముందు చేతిలో పెడితే సగం పని అవుతుంది. మిగతా సగానికి ఫొటో పంపితే ఆ రోజే చదివి చెప్పే ఫోను నంబరు, జవాబుదారీ ఉన్న ప్రభుత్వ నంబరు, కావాలి. అక్కడ కూర్చునేవాడు హైదరాబాద్‌లో ఉంటాడు కాబట్టి సౌదీ ఉద్యోగ నిబంధనలు అడ్డురావు. ముద్ర అవసరం లేదు కాబట్టి సౌదీ అనువాద ఆఫీసుల వ్యాపారానికీ పోటీ కాదు.

రెండో పని ఢిల్లీది. ఇళ్లల్లో పనిచేసేవారి నియామకంపై 2014లో, సాధారణ కార్మికుల నియామకంపై 2016లో భారత్, సౌదీ మధ్య ఒప్పందాలు కుదిరాయి. యుఏఈలాగా మూడో భాష నియమం కావాలని ఆ వేదిక మీదే అడగాలి. భాషల జాబితా తయారయ్యేటప్పుడు తెలుగు అందులో ఉండేలా రెండు రాష్ట్రాలూ పట్టుబట్టాలి. యుఏఈ జాబితాలో తెలుగు లేకపోయినా మన రెండు రాష్ట్రాల్లో దాని మీద పెద్ద చర్చేమీ జరగలేదు. మూడోది యజమానుల వంతు. ఇఖామా ఖర్చు యజమానిదే అయినప్పుడు ఒప్పందాన్ని కార్మికుడికి అర్థమయ్యేలా చెప్పే ఖర్చు కూడా అతనిదే కావడం సబబు. పెద్ద కంపెనీలకు అందులో లాభం కూడా ఉంది, ఒప్పందం చదువుకుని వచ్చినవాడు మూడో నెలలో తగాదాకు రాడు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదిరినా అరబ్బీ నుంచి తెలుగు అనే పనికి మొదటిసారి డబ్బు కట్టే ఖాతాదారు పుడతాడు. అప్పుడు ఇవాళ ఆసుపత్రి హెచ్‌ఆర్ చుట్టూ తిరిగే సేల్స్ మనిషే కొటేషన్ పట్టుకుని టామ్‌కామ్ ఆఫీసుకూ వస్తాడు. వచ్చినప్పుడు పేజీకి ఎంత అని బేరమాడే ముందు, తప్పు వస్తే బాధ్యత ఎవరిదని అడగగలిగే అధికారి అక్కడ కూర్చుని ఉండాలి.